మోకు మీద చెయ్యి

ఆ దేశంలో దోమలు పిచ్చుకలంత ఉంటాయని నేను చెబితే మా వీధిలో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోవడమే న్యాయం. నిజానికి అవి గోటి మీద నాలుగు కూర్చునేంతవి. పిచ్చుకంత దోమ అయితే మనిషి చూసి తలుపేసుకుంటాడు. గోటి మీది దోమని చూసి ‘ఇదేం చేస్తుందిలే’ అనుకుంటాడు. ఆ ఏడాది మా ఇంటిని కుదిపి పారేసింది ఆ గోటి మీదిదే.

మాది పొగగొట్టాలకు రంగులేసే ఇల్లు. ఫ్యాక్టరీ చిమ్నీల మీద ఎరుపూ తెలుపూ పట్టీలు మీరు చూసే ఉంటారు. విమానాలు గుద్దుకోకుండా వేస్తారు. మా తాత వేసిన పట్టీ చూసి ఒక విమానం ఆగి దారి అడిగిందని అంటారు; అన్నది నేనే అనుకోండి. చిమ్నీ నెత్తిన కప్పీ బిగించి, దానిలోంచి మోకు దింపి, మోకు కొసన చెక్క పలక కడతాం. పలక మీద కూర్చుని మనిషి గాల్లో వేలాడుతూ రంగు వేస్తాడు. కింద ఒకడు మోకు పట్టి వాణ్ణి లేపుతాడు, దించుతాడు. మా పనిలో మోకు పట్టేవాడే పెద్ద. ఎవరి పలక వారిదే, ఒకరి పలక మీద ఇంకొకరు కూర్చోరు. మోకాళ్లు మొరాయించాక నేను నా పలకను ఇంట్లో గోడకు తగిలించి మోకు పట్టాను.

మోకు పట్టేవాడికి ఇంకో పని ఉంది. పొద్దున్నే ఎక్కేవాడు మోకు మీద చెయ్యేసి రాత్రి వచ్చిన కల చెప్పాలి. కలలో చిమ్నీ మీంచి గానీ, మంచం మీంచి గానీ, ఎక్కణ్ణించి పడినా సరే, ఆ రోజు వాడు ఎక్కకూడదు. ఎందుకని అడిగితే మా తాత మోకుతోనే జవాబు చెప్పేవాడట. మా నాన్న కాస్త నయం. “కలలో పడ్డవాడి కాళ్లు ఇంకా నేలకి తగల్లేదురా” అనేవాడు. మా పెదనాన్న కొడుకు ఒకడు పడ్డ కల దాచి ఎక్కాడు. వాడికేమీ కాలేదు, ఈల వేసుకుంటూ దిగాడు. అయినా సంగతి తెలిసిన సాయంత్రం మా నాన్న వాడి పలకను పొయ్యిలో పెట్టాడు. పలక కాలిందంటే జన్మలో మళ్లీ మోకు ముట్టకూడదు. వాడు చెప్పుల కొట్టు పెట్టుకున్నాడు. అక్కడ కూడా పై అరలో జోడు కావాలంటే వేరేవాణ్ణి పిలిచేవాడు.

ఇక నా అల్లుడు. గోడ కనిపిస్తే చాలు అతుక్కుపోతాడని అందరూ బల్లి అంటారు. మాటలు తక్కువ. నేలమీద నడుస్తుంటే కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉంటాడు, మోకెక్కితే మాత్రం పెళ్లికొడుకే. మూడోవాడు మా ఆవిడ తమ్ముడు. రంగులు కలిపేవాడు కాబట్టి డబ్బా అంటాం. సగం దాకా ఎక్కుతాడు. సగం దాటితే వాడి పొట్ట ఒప్పుకోదు.

సముద్రం అవతల ఒక చక్కెర మిల్లు వాళ్లు చిమ్నీలకు రంగులేయమని పిలిచారు. వానలు పట్టకముందే పని ముగియాలన్నారు. ఆ దేశంలో మలేరియా ఎక్కువ, మాత్రలు వేసుకుని వెళ్లాలని చెబితే ముగ్గురం పెద్దాసుపత్రికి పోయాం. అక్కడి డాక్టరమ్మ మా గుండెలు విని, పాత జబ్బులన్నీ అడిగి, కళ్లజోడు సర్దుకుంది.

“ఏం పని మీద వెళ్తున్నారు?”

“పెయింటింగ్ అమ్మా,” అన్నాను.

“గోడలకా?”

“గోడలాంటిదే,” అన్నాడు డబ్బా. “కాస్త గుండ్రంగా ఉంటుంది.”

ఆవిడ నవ్వి మాత్రలు రాసింది. “వారానికి ఒకటి. వెళ్లకముందే మొదలుపెట్టాలి. అక్కడ ఉన్నన్నాళ్లూ మానకూడదు. తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఇంటికొచ్చేశాం కదా అని ఆపేస్తారు చాలామంది, అక్కడే దెబ్బ తింటారు. దోమతెర కట్టుకోండి, సాయంత్రమైతే నిండా బట్టలు వేసుకోండి. కొందరికి ఈ మాత్రతో కలలొస్తాయి. నిద్ర పాడైతే, మనసు చెదిరితే నాకు ఫోన్ చేయండి. వేరే మాత్ర ఉంది, మారుస్తాను.”

బుద్ధిగా తలలూపాం. ఆ ఫోన్ మాట ముగ్గురి చెవుల్లోనూ పడింది, ఒక్కరి బుర్రలోకీ దిగలేదు. కల వస్తే డాక్టరుకి చెప్పుకునే అలవాటు మాకు లేదు. కల చెప్పాల్సింది మోకు పట్టేవాడికి.

బయల్దేరేనాడు మా అమ్మాయి మోకు చుట్ట కట్టి ఇచ్చింది. ముళ్లు వేయడంలో అది నన్ను మించిపోయింది. ఆ సంగతి దానికి తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం బయటికి అనం.

“నన్నూ తీసుకెళ్లొచ్చుగా నాన్నా. నేను మోకు పడతాను, నువ్వు కూర్చుని కబుర్లు చెబుదువు గాని.”

“నీ మొగుడి బరువు నీ చేతులు ఆపలేవే.”

“పెళ్లైనప్పట్నుంచీ మోస్తూనే ఉన్నాగా,” అంది.

బల్లి ఆ మాట విననట్టు గోడకేసి చూశాడు.

*

ఆదివారం మాత్ర, సోమవారం నుంచి సినిమా. అక్కడ మా బతుకు అలా మొదలైంది. నాకు వచ్చిన కలలు నేను జన్మలో అల్లలేను. చిమ్నీ ఒకటి మా ఇంటికొచ్చి కూతుర్ని ఇవ్వమని అడిగింది. నేను ‘ఎత్తు సరే, సంపాదన ఎంత’ అన్నాను. నా కలల వల్ల నష్టం లేదు. నేలమీద ఉండేవాణ్ణి, పడినా నా చెప్పుల మీదే పడతాను. తంటా అంతా ఎక్కేవాళ్లతో.

“రంగు డబ్బాలో పడ్డాను బావా,” అన్నాడు డబ్బా, మోకు మీద చెయ్యేసి. కళ్లు ఉబ్బి ఉన్నాయి. “ఎరుపులో. ఎంతకీ అడుగు తగలదే!”

“కూర్చో. అల్లుడూ, నీ సంగతేంటి?”

“పడ్డాను మామయ్యా.”

ఎక్కణ్ణించి, ఎలా అన్నది బల్లి చెప్పడు. పడ్డాను, అంతే. మర్నాడూ పడ్డాడు. ఆ తర్వాత ఒక రోజు పడలేదు, మళ్లీ పడ్డాడు. మోకు చుట్ట చుట్టినట్టే ఉండేది. పైన మబ్బులు, కింద మేనేజరు. ఆయనకి మా భాష రాదు, మాకు ఆయన భాష రాదు. రోజూ వచ్చి చేత్తో ఆకాశం చూపించి, తర్వాత చిమ్నీ చూపించి, తర్వాత మమ్మల్ని చూపించేవాడు. భాషతో పని ఏముంది?

“మామయ్యా, ఇవి మన కలలు కావు. మాత్ర కలలు,” అన్నాడు బల్లి ఒకనాడు. వాడు అంత పొడుగు మాట మాట్లాడటం నేనదే మొదటిసారి వినడం.

“కలకి ఇంటిపేరు ఉంటుందా? పడ్డావా లేదా?”

“పడ్డాను.”

“అయితే కూర్చో.”

కూర్చున్నాడు. చిమ్నీ మీద సగం వేసి ఆగిన ఎర్ర పట్టీకేసి చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. అన్నం ముందు పెట్టి చేతులు కట్టేసిన పిల్లాడి ముఖంలా ఉంది వాడి ముఖం.

మొదటి జల్లు పడింది. మర్నాటికి గుంటల్లో నీళ్లు, సాయంత్రానికి చెవుల్లో పాట. దోమతెర కట్టుకున్నాం గానీ, దాని కింద ఉక్కకి డబ్బా కాళ్లు బయటపెట్టి పడుకునేవాడు. ఆ వారం గడిచాక ఒక పొద్దున్న బల్లి మోకు మీద చెయ్యేసి నా కళ్లల్లోకి చూశాడు.

“కల రాలేదు మామయ్యా.”

మోకు మీద చెయ్యేసినవాణ్ణి రెండోసారి అడగకూడదు. లేపాను. పైకి వెళ్తూ ఈల వేశాడు. ఆ తర్వాత వరసగా అదే మాట, కల రాలేదు. పట్టీ మీద పట్టీ పడింది. ఆదివారాలు భోజనం దగ్గర “మాత్ర?” అని అడిగేవాణ్ణి. “అయింది మామయ్యా” అనేవాడు కంచంలోకి చూస్తూ. డబ్బా మాత్రం ఇంకా ఎరుపులోనే ఈదుతున్నాడు. పెద్ద వాన పట్టేనాటికి చిమ్నీలు నిలువునా మెరుస్తున్నాయి. మేనేజరు ఆకాశం చూపించి, చిమ్నీ చూపించి, ఈసారి బల్లిని కావలించుకున్నాడు.

*

ఇంటికొచ్చాం. పిచ్చుకంత దోమల కథ వీధంతా తిరిగింది. నా నోటి నుంచి బయల్దేరినప్పుడు పిచ్చుక, వీధి చివరకు చేరేసరికి కోడి. నేనూ డబ్బా ఆదివారం మాత్ర మానలేదు. గోడ అవతల ఇంట్లోంచి డబ్బా పలవరింతలు మా అందరికీ వినిపించేవి.

మొదట బల్లికి చలి పట్టింది. ఎండ పూట. ఇంట్లో దుప్పట్లన్నీ కప్పినా మంచం గడగడలాడింది. తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. తర్వాత చెమటలు పోసి, లేచి కూర్చుని, మా ఊళ్లో ఒప్పుకున్న నీళ్ల ట్యాంకు రంగు పని ఎప్పుడు మొదలని అడిగాడు. తగ్గిందనుకున్నాం. మళ్లీ పట్టింది. ఈసారి లేచి కూర్చోలేదు. కళ్లల్లో తెలుపు పచ్చబారింది. ఏమడిగినా జవాబు ఆలస్యంగా వచ్చేది, దూరంగా ఉన్న చిమ్నీ మీంచి అరిచినట్టు.

నేనూ అమ్మాయీ చెరో రెక్కా పట్టి వీధి మూల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. బల్లిని బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు నాడి చూస్తూ ఎక్కడికైనా వెళ్లారా అని అడిగాడు. అమ్మాయి దేశం పేరు చెప్పింది. ఆయన చెయ్యి ఆగింది.

“మలేరియా మాత్రలు వేసుకున్నారా?”

“అన్నీ వేసుకున్నారండీ. ఇంకా వేసుకుంటూనే ఉన్నారు,” అంది అమ్మాయి గబగబా. “ఆయన చాలా పద్ధతైన మనిషి. మా మావయ్యకి ఆ మాత్రలతో పీడకలలు, రాత్రంతా గోడలెక్కుతాడు. ఈయనకి అవీ లేవు. కొయ్యలా నిద్రపోతారు.”

“అయితే అది కాదులెండి. ఊళ్లో జ్వరాలు తిరుగుతున్నాయి. రెండ్రోజులు చూద్దాం,” అని ఆయన కాగితం అందుకున్నాడు.

కొయ్యలా నిద్రపోతారు. ఆ మాట నా చెవిలోంచి కాళ్లలోకి దిగింది. ఒకే ఆసుపత్రి, ఒకే మాత్ర, డబ్బా ఎరుపులో ఈదుతున్నాడు, నా ఇంటికి చిమ్నీ సంబంధం వస్తోంది. వీడికెందుకు రావు కలలు? మొదట్లో వచ్చాయి కదా?

“డాక్టరుగారూ, వీడు మాత్రలు వేసుకోలేదు,” అన్నాను.

“మీరు చూశారా?”

“చూళ్లేదు. వీడికి కలలు రాలేదు.”

డాక్టరు నాకేసి చూసిన చూపు ఉందే, ఆ చూపుతోనే నాకూ ఒక మాత్ర రాసేశాడు.

“నాన్నా! దోమలు, పిచ్చుకలు, ఇప్పుడు కలలా?” అంది అమ్మాయి. “ఆయన్ని చూడు ఎలా ఉన్నారో. ఈ ఒక్కపూట నీ కథలు ఆపవా?”

నాకు కోపం రాలేదు. పిచ్చుకంత దోమని అమ్మినవాడి దగ్గర నిజం ఎవరు కొంటారు? బల్లి మీదకి వంగాను.

“అల్లుడూ, మాత్ర వేసుకున్నావా?”

“వేసుకున్నాను మామయ్యా.” పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చూపు మాత్రం నా చూపును పట్టుకునే ఉంది, పట్టు జారితే పడిపోతానన్నట్టు. అప్పుడు అర్థమైంది నాకు. ఒళ్లు కాలిపోతున్నా వాడు జ్వరానికి భయపడటం లేదు. పలకకి భయపడుతున్నాడు.

నా జేబులో ఎప్పుడూ మూరెడు మోకు ముక్క ఉంటుంది. ఊసుపోక ముళ్లు వేస్తూ విప్పుతూ ఉంటాను. దాన్ని తీసి వాడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాను.

“మోకు మీద చెయ్యుంది. ఇప్పుడు చెప్పు.”

బల్లి కళ్లు మూసుకున్నాడు. వాడి వేళ్లు మోకు ముక్కని తడిమాయి, పురి ఎటు తిరిగిందో చూస్తున్నట్టు.

“లేదు మామయ్యా.”

అమ్మాయి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎప్పట్నుంచి?”

“జల్లు పడ్డప్పట్నుంచి. వేసుకుంటే పడుతున్నాను. పడ్డానంటే ఎక్కనియ్యరు. పడలేదని... మోకు మీద చెయ్యేసి ఎలా అంటాను? అందుకే మానేశాను.” ఊపిరి తీసుకున్నాడు. “కల రాలేదన్నది నిజమే మామయ్యా. మోకు మీద నేను అబద్ధం ఆడలేదు.”

డాక్టరు అప్పటికే లేచి ఫోన్ అందుకున్నాడు.

*

పెద్దాసుపత్రిలో వేలి కొస నుంచి రక్తం తీశారు. అద్దం ముక్క మీద పూసుకుని లోపలికి పరిగెత్తారు. మలేరియాయే, అందులోనూ చెడ్డ రకం. మెదడు మీదికి పోబోతోందన్నారు. సూదిమందు నరంలోకి ఎక్కించారు. నేనూ అమ్మాయీ వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నా నోట ఒక్క కథ కూడా రాలేదు. జేబులో మోకు ముక్క లేదు, వాడి చేతిలోనే ఉండిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాకు మాత్రలిచ్చిన డాక్టరమ్మే వచ్చింది. నన్ను గుర్తుపట్టి కళ్లజోడు తీసింది.

“కలలొస్తే ఫోన్ చేయమన్నానా లేదా?”

“అన్నారమ్మా. కలొస్తే ఆ రోజు ఎక్కకుండా ఉంటే చాలనుకున్నాం.”

“ఎక్కడికి ఎక్కకుండా?”

చెప్పాను. చిమ్నీ, కప్పీ, మోకు, పలక. ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది.

“పనేంటని అడిగితే పెయింటింగ్ అన్నారు.”

“పెయింటింగేనమ్మా. ఎత్తు సంగతి మీరు అడగలేదు.”

“మీకు చెప్పాలనిపించలేదా?”

నిజంగానే అనిపించలేదు. చేపల్ని పనేంటని అడిగితే నీళ్ల సంగతి చెబుతాయా? ఆవిడ బల్ల మీద నా పక్కనే కూలబడింది. “ఎత్తు మీద పనిచేసేవాళ్లకి ఆ మాత్ర ఇవ్వనండీ. రోజుకొకటి వేసుకునేది వేరే ఉంది. దాంతో ఇలాంటి కలలు రావు.” లేవబోతూ అమ్మాయి వైపు తిరిగింది. “ఇంకోటి వినమ్మా. మాత్ర వేసుకున్నా, మానేసినా, అలాంటి చోటు నుంచి వచ్చాక జ్వరమొస్తే ముందు రక్తం చూపించాలి. ఆ రోజే. వేసుకున్నాడు కదా అని ఎవరన్నా ఆగకూడదు.”

“బతుకుతారా?” అంది అమ్మాయి.

“మందు పనిచేస్తోంది. రేపటిదాకా నేను ఏ మాటా ఇవ్వను.”

ఆ రేపు వచ్చేదాకా నా జీవితంలోని చిమ్నీలన్నిటినీ నేను మళ్లీ ఎక్కి దిగాను. అది మాత్రం కథ కాదు.

కళ్లు తెరిచాక బల్లి పెళ్లాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“నా పలక కాల్చేశారా మామయ్యా?” అన్నాడు.

*

వాణ్ణి ఇంటికి తెచ్చిన సాయంత్రం. గోడకు చేరగిల పెట్టి కూర్చోబెట్టాం. బుగ్గలు లోపలికి పోయి, బల్లి నిజంగానే బల్లిలా ఉన్నాడు. పలకను తనే మూలనుంచి తీయించి నా ముందు పెట్టించాడు.

“కానివ్వండి.”

డబ్బా తలుపు దగ్గర నిలబడ్డాడు. “బావా, వాడు మోకు మీద అబద్ధం ఆడలేదు. కల రాలేదన్నాడు, రాలేదు.”

“భోజనం దగ్గర ఆడాడు. మాత్ర అయిందన్నాడు.”

“భోజనానికి రూలు లేదుగా!”

“నాన్నా,” అంది అమ్మాయి. పొయ్యి దగ్గర నుంచి లేవలేదు, మా వైపు తిరగలేదు. “ప్రాణం పోతున్నా నిజం చెప్పలేదు ఆయన. నీ పొయ్యికి భయపడి. మనిషి పడకూడదనే కదా తాత ఆ మాట పెట్టాడు?”

మా తాత ఉంటే మోకుతో జవాబు చెప్పేవాడేమో. మా నాన్న ఉంటే పలక ఈపాటికి సగం కాలేది. నేను లేచి, మోకాళ్లు తిట్టుకుంటూ గోడ దగ్గరకు వెళ్లి, మేకుకు వేలాడుతున్న నా పలకను దించాను. నడిమధ్యన నేను కూర్చున్న గుంట ఉంది. దాన్ని మోకాటి మీద వేసి విరవబోయాను, విరగలేదు. మంచి చెక్క. అలాగే నిలువునా పొయ్యిలోకి తోశాను.

“బావా, అది నీది!” అన్నాడు డబ్బా.

“పలక కాలాలన్నాడు మా తాత. ఎవరిదో చెప్పలేదు.”

పాత రంగులు అంటుకుని మంట ఒకసారి ఆకుపచ్చగా లేచింది. ఆ మంట మీదే అమ్మాయి బల్లికి గంజి కాచింది. పలక కాలినవాడు మోకు ముట్టకూడదు కదా. మోకు చుట్టను కాలితోనే అమ్మాయి వైపు నెట్టాను. అది నాకేసి చూసింది.

“పక్కన పడుకునేదానికి వాడు ఏం దాస్తాడు?” అన్నాను.

నీళ్ల ట్యాంకు పని మొదలైన పొద్దున నేను రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాను. అక్కడ ఒక విమానం కనబడితే దారి చెబుదామని. పైన కప్పీ సిద్ధంగా ఉంది. అమ్మాయి నడుముకి గుడ్డ బిగించి, మోకు పట్టుకుని నిలబడింది. బల్లి పలక చంకన పెట్టుకుని వచ్చాడు. ఎన్నాళ్లకో మళ్లీ ఎత్తుకేసి చూసి, చిన్నగా ఈల వేశాడు. మోకు మీద చెయ్యేశాడు.

“రాత్రి కల?” అంది అమ్మాయి, మోకు పట్టినవాళ్లు అడిగినట్టే, మొగుణ్ణి ఎరగనట్టే.

బల్లి ట్యాంకు వైపు చూశాడు. ఎండ కాస్తోంది, గాలి లేదు, పనికి అంతకు మించిన రోజు ఉండదు. నావైపు చూశాడు. నేను ఆకాశంలో విమానం వెతుక్కుంటున్నాను.

“పడ్డాను,” అన్నాడు.

అమ్మాయి మోకు చుట్టడం మొదలుపెట్టింది.